పుట్టబంగారం తేవడానికి పోయిన పొద్దు

నాకు నోరు ఎక్కువని అత్తగారి ఊరు జనగామలోనూ అంటారు, కేసముద్రం పక్కనున్న పుట్టింటి పల్లెలోనూ అంటారు. నిజమే, ఎందుకు దాచుకోవాలి? నలుగురు కూడిన చోట నా గొంతే ముందు వినిపిస్తుంది. ఒకరు మాట అంటే పది మాటలతో తిరగబడేదాన్ని. అలాంటి నేను మా తమ్ముడి పెద్దబిడ్డ పెళ్లిలో, ఊరి ఆడవాళ్లందరి ముందూ నోట మాట రాక నిలబడిపోయాను. ఆ పొద్దు గుర్తుకొస్తే ఇప్పటికీ వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటాను.

మా వైపు పెళ్లిళ్లలో పుట్టబంగారం తేవడమని ఒక పని ఉంటుంది. పేరుకే బంగారం, అది పుట్టమన్ను. పిల్లను పెండ్లికూతురిని చేసే ముందు మేనత్త పట్టుచీర కట్టుకుని, ముత్తైదువలను వెంటబెట్టుకుని, డప్పుల మోతతో పుట్ట దగ్గరికి పోతుంది. ఆమె తల మీద ఎండ పడకుండా నలుగురు ఆడవాళ్లు నాలుగు కొసలు పట్టుకుని గుడ్డ పందిరిలా నడిపిస్తారు. దాన్ని ఉల్లెడ అంటాం. పుట్టకు పాలు పోసి, పసుపూ కుంకుమా పెట్టి, గడ్డపారతో పొడిచి ఆ మన్ను గంపల్లో ఎత్తుకొస్తారు. ఇంట్లో ఆ మన్ను పరిచి, నవధాన్యాలు చల్లి, కుమ్మరి ఇంటి నుంచి తెచ్చిన ఐరేని కుండలు దాని మీద నిలబెడతారు. ఆ కుండలు కూర్చుంటేనే పెళ్లి మొదలైనట్టు. మన్ను తేవడం మేనత్త హక్కు. ఆ పని చేయలేని ఆడబిడ్డకు పుట్టింట్లో ఇక ఏం మర్యాద మిగులుతుంది?

పుట్టను ఎలా తవ్వాలో నాకు మా అవ్వ, అంటే మా అమ్మే, నేర్పింది. నా చిన్నప్పుడు మా చిన్నాయన కూతురి పెళ్లికి ఆడవాళ్ల వెంట నేనూ గుట్టకు పోయాను. గుట్ట అంటే మా ఊరికి పడమటి దిక్కున, మా మెట్టచేను చెలకను ఆనుకుని ఉండేది. పెద్ద కొండేం కాదు. మేకలు ఒక్క పరుగులో పైకెక్కేవి. మొదట్లో తంగేడు పొదలు, నడుమ సీతాఫలం చెట్లు, వాటి సందుల్లో నా ఎత్తును మించిన పుట్టలు. నేను ఉత్సాహం కొద్దీ పార పట్టుకుని పుట్ట కింది దాకా గీరబోతే, అవ్వ నా చేతి మీద ఒక్కటేసింది.

"మొదలు ముట్టద్దే! పైది తీసుకోవాలె, మొదలు విడిచిపెట్టాలె. గప్పుడే మల్ల పెరుగుతది" అంది.

చెయ్యి చురుక్కుమని రోజంతా ఏడ్చాను. ఆ దెబ్బ గుర్తుంది గానీ, మాట మాత్రం గుర్తుంచుకోలేదు.

మా ఆయనకు జనగామలో రెండు టిప్పర్లూ ఒక జేసీబీ ఉన్నాయి. రోడ్లకూ, ఇళ్ల పునాదులకూ, ప్లాట్లు చదును చేయడానికీ మొరం తోలడమే మా బతుకు. మొరం అంటే రాయి ఎండకూ వానకూ పగిలి పగిలి మన్నుగా మారేటప్పుడు మధ్యలో ఉండే ఎర్రటి గరుకు మట్టి. పరిచి నీళ్లు కొట్టి రోలర్ తిప్పితే గట్టిగా కూర్చుంటుంది. జనగామ చుట్టుపక్కల గుట్టలన్నీ అప్పటికే బోడిగుండ్లయ్యాయి. మొరం దొరక్క బండ్లు ఇంటి ముందు ఖాళీగా నిలబడి ఉంటే, మా ఆయన పరేషాన్ అయి అన్నం ముద్ద నోట్లో పెట్టుకోకుండా కంచం ముందు కూర్చునేవాడు. ఆ ముఖం చూడలేక నేనే అన్నాను.

"మా ఊరి గుట్ట ఉన్నది గద, గంత ఎర్ర మొరం ఏడ దొరుకుతది?"

గుట్టలో మా ఇంటి వంతు అవ్వ పేరు మీద ఉండేది. తమ్ముడు వెంటనే సరే అన్నాడు. వాడికీ కొత్త ఇల్లు కట్టుకోవాలని ఆశ. అడ్డం తిరిగింది మరదలే, తమ్ముడి భార్య.

"గుట్ట పోతే మేకలు ఏడ మేస్తయ్ వదినె? వానకు గుట్ట మీది నీళ్లు దిగితేనే మన బాయి ఊరుతది" అంది.

నాకు ఒళ్లు మండింది. ఆడబిడ్డ మాటకు ఎదురు చెప్తుందా అని. "గుట్టను ముందట పెట్టుకొని మొక్కుతవా, కూర వండుకొని తింటవా? అది గట్లనే పడి ఉంటే ఎవలకు ఏం ఫాయిదా?" అని వాకిట్లో నిలబడి పది ఇళ్లకు వినిపించేలా కేకలేశాను. మరదలు నోరు మూసుకుని లోపలికి పోయింది. గెలిచానని నాకు ఎంత సంబరమో!

అవ్వ మాత్రం మంచం మీద నుంచే అడిగింది, "ఎంత తీస్తరు బిడ్డా?"

"ఒక మూలకు తీస్తరే అవ్వా."

"ఒక మూలకైతే తీసుకోండ్రి. మొదలు ముట్టద్దు."

"సరేనే అవ్వా" అన్నాను.

ఆ తర్వాత మోకాళ్లు పట్టేసి అవ్వ గడప దాటడం మానేసింది. నేనూ గుట్ట వైపు పోలేదు. తమ్ముడింటికి వస్తే తారు రోడ్డు మీద బండి దిగి, అటు నుంచి అటే వెనక్కి పోయేదాన్ని. మమ్మల్ని చూసి గుట్టలో మిగతా వంతులవాళ్లూ తమ భాగాలు మాకే ఇచ్చారు. టిప్పర్లు నిండుగా తిరుగుతున్నాయి. జనగామలో మా పాత రేకుల ఇల్లు పోయి స్లాబు ఇల్లు లేచింది. తమ్ముడి ఇల్లూ లేచింది. మా రెండిళ్ల పునాదుల్లో పోసింది ఆ మొరమే. ఎప్పుడైనా గుట్ట సంగతి అడిగితే మా ఆయన, "ఇంక సగం ఉన్నదే" అనేవాడు. నాకు ఆ మాట చాలేది.

పెళ్లికి ముందు రోజు మా చెల్లె భూపాలపల్లి నుంచి దిగింది. ఆమె భర్త బొగ్గుబావిలో పని చేస్తాడు, ఉండేది క్వార్టర్లలో. వస్తూనే నన్ను ఆటపట్టించడం మొదలుపెట్టింది.

"అక్కా, మా కాడ బొగ్గు కోసం తవ్విన మన్నంత తెచ్చి దిబ్బలు పోస్తున్నరు. ఇది వరకు లేని గుట్టలు లేస్తున్నయ్. మీరేమో ఉన్నయి పండవెడుతున్నరు. మా దిబ్బలు గూడ నీకు అప్పజెప్పమంటవా?"

"నీ నోట్ల మన్నువడ, పెండ్లింట్ల గవే మాటలా!" అన్నాను. అందరం నవ్వాం.

ఆ రాత్రి అవ్వ నన్ను పిలిచి చెయ్యి పట్టుకుంది. "పొద్దు పొడవంగనే పోండ్రి. సీతాఫలం చెట్ల సందుల పెద్ద పుట్ట ఉంటది సూడు, దానికే పాలు పొయ్యాలె. నా లగ్గానికి గాడికెళ్లే తెచ్చిండ్రు, నీ లగ్గానికీ గాడికెళ్లే" అంది. మరదలు పక్కనే పసుపు కలుపుతోంది. తల ఎత్తలేదు. "ఇంక సగం ఉన్నది" అన్న మాట మీద నాకు ఎంత నమ్మకమంటే, "మూడు గంపలు నింపుకొస్త సూడు" అని నలుగురిలో గొప్పగా చెప్పాను.

తెల్లారగానే బయలుదేరాం. ముందు డప్పులు, వెనక ఉల్లెడ, దాని కింద పట్టుచీరలో నేను, చేతిలో పసుపు కుంకుమల పళ్లెం. పాలచెంబు చెల్లె పట్టుకుంది, గడ్డపార మరదలు పట్టుకుంది. చెలక గట్టు దాటాం. అక్కడి నుంచి దారి కొంచెం పైకెక్కాలి. ఎక్కలేదు. కిందికి దిగింది. టిప్పర్లు తొక్కి తొక్కి చేసిన ఏటవాలు బాట అది. డప్పులు కొట్టేవాళ్లు ముందు దిగారు, వాళ్ల వెనకే మేమూ దిగాం. దిగిన చోట నిలబడి చూస్తే గుట్ట లేదు.

సగం కాదు, పావు కాదు. ఏమీ లేదు. గుట్టే కాదు, గుట్ట కింద ఉండాల్సిన నేల కూడా లేదు. ఊళ్లోని బావిని పదింతలు వెడల్పు చేసి తెరిచినట్టు పెద్ద గుంత. చుట్టూ నిలువు గోడలు. గోడల్లో పైన జానెడు నల్లటి మన్ను, దాని కింద ఎర్ర మొరం, ఇంకా కింద పొడిపొడిగా రాలే పచ్చటి రాయి, అట్టడుగున బూడిదరంగు బండ. ఒక మూల వాననీళ్లు పచ్చగా నిలిచి ఉన్నాయి. ఇంకో మూల మా జేసీబీ. దాని ముందు అద్దం మీద మా ఇద్దరు పిల్లల పేర్లు, పెద్ద పెద్ద అక్షరాల్లో. నేనే దగ్గరుండి రాయించాను.

డప్పులు వాటంతటవే ఆగిపోయాయి.

"ఏది వదినె పుట్ట?" అంది మరదలు. ఎత్తిపొడుపు కాదు. ఆమె కళ్లు నిజంగానే వెతుకుతున్నాయి. ఆమె కూడా చాన్నాళ్లుగా ఇటు రాలేదట. మేకలు అమ్మేసి, చెలక కౌలుకు ఇచ్చాక రావాల్సిన పనేముంది? తెలిసినవాళ్లేమో నా నోటికి జడిసి చెప్పలేదు.

"ఉంటది. పక్క చెలకలల్ల సూద్దాం పాండ్రి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పైకెక్కి గట్ల మీద తిరిగాం. ఎటు చూసినా పత్తి. ఒక్క గట్టు కూడా వెడల్పుగా లేదు. ట్రాక్టర్లతో అంచుల దాకా దున్నిన చోట పుట్ట ఎక్కడ పెరుగుతుంది? ఎండెక్కుతోంది. ఉల్లెడ పట్టిన ఆడవాళ్ల చేతులు లాగుతున్నాయి. ఇంటి నుంచి తమ్ముడు ఫోన్ల మీద ఫోన్లు, కుమ్మరి కుండలు సిద్ధంగా ఉన్నాయనీ, పిల్ల పీట మీద కూర్చోవాలనీ. ఒకావిడ వెనక నుంచి, "మేనత్తనే గుట్టను మింగింది, ఇగ యాడికెళ్లి తెస్తది" అంది. ఇంకోసారైతే ఆమె జుట్టు పట్టుకునేదాన్ని. ఆ పూట విననట్టు నడిచాను.

చివరికి చూసింది చెల్లె. "అక్కా, గదిగో, గా స్తంభం కాడ!"

గుంత నడిమధ్యలో ఒక కరెంటు స్తంభం ఉంది. వ్యవసాయ మోటార్ల లైను అది. దాన్ని కదిలిస్తే గొడవవుతుందని, స్తంభం చుట్టూ మంచమంత మేర మాత్రం తవ్వకుండా వదిలి మిగతాదంతా దించేశారు. దాంతో ఆ స్తంభం రెండు నిలువుల మట్టి దిమ్మె మీద ఒంటరిగా నిలబడి ఉంది. ఆ దిమ్మె పైన, స్తంభాన్ని ఆనుకుని, ఇందాక కింది నుంచి మాకు కనబడని ఒక పుట్ట. మా గుట్టకు మిగిలిన ఒకే ఒక్క పుట్ట.

మళ్లీ గుంతలోకి దిగాం. నిచ్చెన తెప్పించి వేస్తే దిమ్మె అంచులు జలజల రాలాయి. ఎవరికీ ఎక్కే ధైర్యం లేదు. ఏం చేయాలో తోచక మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన లైనుమన్‌తో మాట్లాడి కరెంటు బందు చేయించి, ఆపరేటర్‌ను పంపాడు. ఆపరేటర్ వచ్చి జేసీబీ స్టార్ట్ చేసి బకెట్టు నా కాళ్ల ముందు నేల మీద ఆనించాడు.

"ఎక్కుండ్రి అమ్మా. పైన తీగలున్నయి, జర మెల్లగ లేపుత."

మేనత్తను తప్ప ఇంకెవరినీ పంపడానికి లేదు. పట్టుచీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తిపట్టుకుని, పళ్లెం, పాలచెంబు, గడ్డపారతో ఆ ఇనుప బకెట్టులో కూర్చున్నాను. పళ్లు పళ్లుగా ఉన్న దాని అంచుకు ఇంకా ఎర్ర మన్ను అంటుకునే ఉంది. ఇంజన్ గుర్రుమంది. నేను గాల్లోకి లేచాను.

"వదినె ఇమానం ఎక్కింది రో!" అని ఎవరో అరిచారు. ఒక్కసారిగా నవ్వులు. సెల్‌ఫోన్లన్నీ పైకి లేచాయి. డప్పులవాళ్లకు హుషారొచ్చి మళ్లీ మోగించారు. కింద చూస్తే ఆ నలుగురూ ఉల్లెడను అలాగే పట్టుకుని నిలబడ్డారు, దాని నీడలో ఎవరూ లేరు. సిగ్గుతో ఆ క్షణాన భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది. చీల్చడానికి అక్కడ ఇంకేం మిగిలిందని?

బకెట్టు దిమ్మె అంచుకు చేరింది. నేను మోకాళ్ల మీద ఆ మంచమంత నేల మీదికి పాకాను. అక్కడ గరిక ఉంది. ఒక తంగేడు పొద ఉంది, రెండు పచ్చని పూలతో. పుట్ట పక్క నుంచి నున్నగా అరిగిన ఒక కాలిబాట ముక్క. నాలుగు బెత్తెల బాట, ఇటూ అటూ తెగిపోయి గాల్లో కలిసింది. దాన్ని చూడగానే గుర్తుపట్టాను. అవ్వ కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని దిగే బాట. ఆమె వెనక నేను సీతాఫలాలు ఒడిలో పోసుకుని దిగిన బాట.

అప్పుడు అర్థమైంది నాకు, నేను ఎత్తు ఎక్కలేదని. నేనున్నది ఒకప్పటి నేల మీద. కింద నవ్వుతున్న వాళ్లంతా, నా చెల్లె, మరదలు, డప్పులవాళ్లు, అందరూ మేం తవ్విన గుంతలో నిలబడి, నేల ఎక్కడుండేదో తలలు పైకెత్తి చూస్తున్నారు. నన్ను నమ్మి ఒక ఊరు ఇంత లోతుకు దిగిపోయిందా అనిపించి, నాకు ఏడుపు ఆగలేదు. కింద వాళ్లకు కనబడకుండా పుట్ట చాటున కూర్చుని ఏడ్చాను.

పాలు పోశాను. పసుపు పెట్టాను. గడ్డపార ఎత్తి ఒక పోటు పొడిచేసరికి దిమ్మె అంచు నుంచి మట్టి పెళ్ల ఊడి కింద పడింది. "వద్దమ్మా, వద్దు, స్తంభం ఒరుగుతది!" అని ఆపరేటర్ కేకేశాడు. గడ్డపార పక్కన పెట్టేసి, చేతులతో పుట్ట పై పొర మాత్రం గీకాను. మూడు గంపలు నింపుకొస్తానన్నదాన్ని, ఒక ఒడి కూడా నింపలేకపోయాను. కొంగులో మూటకట్టుకుని దిగాను.

ఇంట్లో ఆ మన్ను పరిస్తే ఒక కుండ కిందికి సరిపోయింది. మిగతా కుండలు చేతుల్లో పట్టుకుని ఆడవాళ్లు నా వైపు చూశారు. నేను నేల చూపులు చూశాను. మరదలు బయటికి పోయి, ఇల్లు కట్టగా మిగిలి గోడ పక్కన పోసి ఉన్న మొరం కుప్పలోంచి ఒక గంపెడు ఎత్తుకొచ్చింది. నా పక్కన కూర్చుని పుట్టమన్ను చుట్టూ దాన్ని చేత్తో సర్దింది.

"గిది గూడ మన గుట్టదే గద వదినె" అంది మెల్లగా.

తిట్టినా బాగుండేది. ఆ రోజు వాకిట్లో నేనన్న మాటలన్నీ ఇప్పుడు వడ్డీతో కలిపి తిప్పికొడుతుందేమోనని పొద్దుటి నుంచీ భయపడుతున్నాను. ఆమేమో ఈ ఇంటి ఆడబిడ్డగా నా పరువు కాపాడుతోంది. ఆ మొరం మీద నవధాన్యాలు చల్లాం. కుండలు నిలబెట్టాం. నా మేనకోడలు పసుపు చీరలో వచ్చి పీట మీద కూర్చుంది.

అవ్వను ఇద్దరు పట్టుకుని తెచ్చి చాప మీద కూర్చోబెట్టారు. ఆమె చెయ్యి చాచి పుట్టమన్ను చిటికెడు తీసుకుని, వేళ్ల మధ్య నలిపి చూసుకుని, మనవరాలి నుదుటికి పెట్టింది. ముఖం ఎంత వెలిగిపోయిందో చెప్పలేను.

"గుట్ట మన్నే" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "మొదలు విడిచిపెట్టినవా బిడ్డా?"

చెల్లె తల వంచుకుంది. మరదలు కుండకు కట్టిన దారం సర్దుతూ ఉండిపోయింది. చెప్పాలనుకుంటే ఏ ఒక్కరైనా చెప్పొచ్చు. ఎవరూ చెప్పలేదు, నా కోసమే ఆగారు.

"విడిచిపెట్టిన్నే అవ్వా" అన్నాను. పుట్టకు సంబంధించినంత వరకు అది అబద్ధం కాదు.

"గట్లనే ఉండాలె. మొదలుతోటి తీస్తే మల్ల గుట్టకు ముఖం ఎట్ల సూపెడుతం?" అని నా తల మీద చెయ్యి పెట్టి దీవించింది. "సిన్నదాని లగ్గానికి గూడ నువ్వే తేవాలె. గాడికెళ్లే తేవాలె."

"సరేనే అవ్వా" అన్నాను, గుట్ట తవ్వేటప్పుడు అన్నట్టే.